అర్థం పట్టుకుని ఇంగ్లిష్ పదాలు నేర్పడం ఎలా: పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కాలేజీ టీచర్లకు సమగ్ర మార్గదర్శి

ప్లస్ టూ (ఇంటర్), ప్లస్ త్రీ (డిగ్రీ) క్లాసులకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. పిల్లలు వంద మాటలకు అర్థాలు గడగడా అప్పజెబుతారు. అందులో ఒక్క మాటతో సొంతంగా వాక్యం రాయమంటే మాత్రం కలం కదలదు. ఎందుకు?

వాళ్లు నేర్చుకున్నది ఇంగ్లిష్ మాటకు పక్కన రాసిన ఒక తెలుగు మాట, లేదా ఒక ఒడియా మాట. ఆ మాట ఎక్కడి వరకు సరిపోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఎవరూ చెప్పలేదు. ఆ హద్దు చూపించడమే పదం నేర్పడం. కింద చెప్పిన పద్ధతి అంతా ఆ ఒక్క పనికోసమే.

ఒక మాట ముందే. ఇక్కడ ఇంగ్లిష్ మాటలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. బోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ లిపిలోనే, స్పెల్లింగుతో రాయండి.

1. క్లాసులో ఏయే భాషలున్నాయో ముందు తెలుసుకోండి

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కాలేజీలో ఒకే బెంచీ మీద ముగ్గురు కూర్చుంటే మూడు రకాలుగా ఉంటారు. ఒకరు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒకరు రెండూ ఒడియానే. మూడో పిల్లది ఇంట్లో సవరో కుయో లాంటి గిరిజన భాష మాట్లాడుతుంది. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లలో తెలుగు మీడియం వాళ్లు కూడా ఉంటారు.

మొదటి రోజు ప్రతి ఒక్కరికీ పావు కాగితం ఇచ్చి నాలుగు జవాబులు రాయించండి:

- ఇంట్లో మాట్లాడే భాష
- పదో తరగతి దాకా చదివిన మీడియం
- ఆగకుండా చదవగలిగే లిపి
- మనసులో లెక్క వేసుకునే భాష

నాలుగో ప్రశ్న తీసేయకండి. పిల్లవాడికి ఏ భాష నిజంగా చేతిలో ఉందో దాన్ని బట్టే ఎక్కువగా తెలుస్తుంది. ఇంట్లో తెలుగే అయినా తెలుగు అక్షరాలు రానివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు తెలుగు అర్థం నోటితో చెప్పాలి. బోర్డు మీద తెలుగులో రాస్తే అది వాళ్లకు కొత్త బొమ్మే.

ఆ వారంలోనే 40 మాటల చిన్న పరీక్ష పెట్టండి. 20 రోజువారీ మాటలు, 20 పాఠ్యపుస్తకాల మాటలు. ఒక్కో మాట ఎదుట 0 నుంచి 3 వరకు వేయమనండి: చూడలేదు 0, చూశాను కానీ అర్థం తెలియదు 1, అర్థం తెలుసు 2, వాక్యంలో వాడగలను 3. మూడు వేసినవాళ్లు ఆ వాక్యం రాసి చూపాలి. లేకపోతే అందరూ మూడే వేస్తారు.

రోజువారీ మాటల్లో సగంమందికి 15 కూడా రాకపోతే పాఠ్యపుస్తకాల మాటలు పక్కన పెట్టి, ముందు అవే చెప్పండి. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసే లెర్నర్స్ డిక్షనరీలు 2000–3000 తేలిక మాటలతోనే అర్థాలు వివరిస్తాయి. ఆ పునాది లేని పిల్లవాడికి డిక్షనరీ చేతికిచ్చినా ఉపయోగం లేదు.

2. పదాల ఎంపిక: తక్కువ తీసుకోండి, సరిగా తీసుకోండి

50 నిమిషాల పీరియడుకు కొత్త మాటలు 6. బాగా అందుకునే క్లాసైతే 8. అంతకు మించితే ఆఖరి మాటలకు వచ్చేసరికి మీరే అర్థం బోర్డు మీద రాసేసి ముందుకు వెళ్లిపోతారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

కాలేజీ స్థాయికి భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్టు మంచి ఆధారం. అందులో 570 పద కుటుంబాలు (ఒక మాట, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) పది భాగాలుగా ఉంటాయి. ఎక్కువగా వాడుకలో ఉన్నవి మొదటి భాగంలో వస్తాయి. ఎస్టిమేట్, ఫంక్షన్, ఇష్యూ, అప్రోచ్, డిరైవ్ లాంటివి అక్కడివే. ఆర్ట్స్, సైన్స్, కామర్స్ మూడింటిలోనూ పనికొస్తాయి కాబట్టి కలగాపులగం క్లాసుకు ఇవే సరైనవి. పద్యంలో ఒక్కసారి కనిపించి మళ్లీ ఎక్కడా ఎదురుపడని మాటకు అర్థం చెప్పి వదిలేయండి.

పాఠం నుంచి మాటలు తీస్తున్నట్టయితే పాఠాన్నీ ఓసారి తూచండి. 100 మాటల పేరాలో తెలియనివి రెండే ఉంటే పిల్లవాడు సొంతంగా చదువుకోగలడు. ఐదు ఉంటే మీ సాయం కావాలి. పది ఉంటే ఆ పేరా పదాలు నేర్పడానికి పనికిరాదు.

ఇంకో జాగ్రత్త: దగ్గరి అర్థాలున్న కొత్త మాటల్ని, వ్యతిరేక జంటల్ని ఒకే రోజు పరిచయం చేయకండి. బారో, లెండ్ రెండూ కొత్తవై ఒకే రోజు వస్తే ఏది అప్పు తీసుకోవడమో, ఏది ఇవ్వడమో చాలామందికి ఏళ్లతరబడి తారుమారు అవుతూనే ఉంటుంది. దగ్గరి మాటలు కలిపి నేర్పితే ఒకదానితో ఒకటి చిక్కుపడి ఆలస్యంగా వస్తాయని 1990లలో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లోనూ తేలింది. బారో ఈ వారం చెప్పండి. అది గట్టిపడ్డాక, పది రోజులకు లెండ్.

3. ప్రతి మాటకూ ఒక పద పత్రం

క్లాసుకు వెళ్లే ముందే పోస్టుకార్డు సైజు అట్ట మీద రాసి పెట్టుకోండి. మొదట్లో ఒక్కో మాటకు పావుగంట పడుతుంది. రాసినవి పోగవుతుంటే వచ్చే ఏడాది పని సగం తగ్గుతుంది. ఎస్టిమేట్ అనే మాటకు పత్రం ఇలా ఉంటుంది:

- ఉచ్చారణ: క్రియ అయితే చివర "మేట్" అని సాగుతుంది. నామవాచకం అయితే "మట్" అని తేలిపోతుంది.
- అసలు అర్థం: పూర్తి లెక్క చేతిలో లేకపోయినా, ఉన్న వివరాలను బట్టి ఒక అంకె చెప్పడం.
- తప్పనిసరి లక్షణాలు: అంకె ఉండాలి, ఆధారం ఉండాలి, కచ్చితం కానక్కర్లేదు.
- పక్కింటి మాటలు: గెస్‌కు ఆధారం అక్కర్లేదు. క్యాలిక్యులేట్ చేస్తే అంకె కచ్చితంగా రావాలి.
- జంట మాటలు (దీని పక్కన నిలిచేవి): రఫ్ ఎస్టిమేట్, ఎస్టిమేటెడ్ కాస్ట్.
- కుటుంబం: ఎస్టిమేషన్, అండర్‌ఎస్టిమేట్, ఓవర్‌ఎస్టిమేట్.
- తెలుగులో: అంచనా. ఒడియాలో: ఆకళన.
- పిల్లలు చేసే తప్పు: "తక్కువ అంచనా వేశారు" అన్నదాన్ని "లో ఎస్టిమేట్" అని రాయడం. కావలసింది అండర్‌ఎస్టిమేట్.

"తప్పనిసరి లక్షణాలు" అన్న వరస ఖాళీగా ఉంటే ఆ మాట ఆ రోజు చెప్పకండి. హద్దు మీకే తేలలేదన్నమాట.

4. పీరియడు నడిపే వరస

(అ) మొదటి 5 నిమిషాలు: పాత మాటలు. పుస్తకాలు మూయించి, అర్థం మీరు చెబితే మాట వాళ్లు చెప్పాలి.

(ఆ) తర్వాత 10 నిమిషాలు: కొత్త మాటను వాక్యంలోనే చూపించండి. అర్థం అప్పుడే చెప్పకండి. వాక్యంలో ఆనవాలు ఉండాలి. "హి ఈజ్ రిలక్టెంట్" అని రాస్తే అందులో ఏమీ లేదు. "ద ఫార్మర్ వజ్ రిలక్టెంట్ టు సెల్ హిజ్ బుల్లక్స్, బట్ హి నీడెడ్ మనీ ఫర్ ద హాస్పిటల్" అని రాస్తే ఎద్దులు, ఆసుపత్రి, డబ్బు అన్నీ కలిసి అర్థాన్ని చూపిస్తాయి.

(ఇ) తర్వాత 10 నిమిషాలు: హద్దు తేల్చే ప్రశ్నలు. అవునో కాదో చెప్పేలా, చిన్నవిగా అడగండి.

- ఎద్దుల్ని అమ్మాలని అతనికి ఉందా? లేదు.
- అమ్మనని తెగేసి చెప్పాడా? లేదు. చెప్పి ఉంటే అది రిఫ్యూజ్.
- చివరికి అమ్మి ఉండొచ్చా? ఉండొచ్చు.

మూడో ప్రశ్న దగ్గరే క్లాసులో చీలిక వస్తుంది. రిలక్టెంట్ అంటే "ఒప్పుకోలేదు" అనుకున్నవాళ్లు అక్కడ దొరికిపోతారు. ఆ చీలికను తొందరపడి సర్దేయకుండా ఇద్దరు ముగ్గురి చేత కారణం చెప్పించండి.

(ఈ) ఇప్పుడు ఇంటిభాషలో అర్థం, 5 నిమిషాలు. వాడుకలో ఉన్న మాటే చెప్పండి. "విముఖత గల" అంటే డిక్షనరీకి సరిపోతుంది. "మనసొప్పక", "చేయబుద్ధి కాక" అంటే పిల్లవాడికి వెలుగుతుంది. సవర, కుయి పిల్లలు ఉంటే ఇదే సంగతి వాళ్ల భాషలో ఎలా అంటారో వాళ్లనే అడగండి. మీకు ఆ భాష రాకపోయినా వాళ్లకు అర్థం కుదురుతుంది.

(ఉ) తర్వాత 15 నిమిషాలు: జంట మాటలు, సొంత వాక్యాలు. ఒక్కొక్కరు రెండు మాటలకే రాస్తారు. వాక్యంలో "బట్", "బికాజ్", "సో" లలో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఆ షరతు లేకపోతే "హి ఈజ్ రిలక్టెంట్, షి ఈజ్ రిలక్టెంట్" అని రాసేసి చేతులు దులుపుకుంటారు.

(ఊ) చివరి 5 నిమిషాలు: చిన్న చీటీ మీద ఈ రోజు మాట ఒకటి, అది సరిపోని సందర్భం ఒకటి. సరిపోని సందర్భం రాయగలిగినవాడికి అర్థం వచ్చినట్టే.

5. లక్షణాల పట్టిక: దగ్గరి మాటలు వేరు చేయడానికి

పట్టికలోని మాటల్లో కనీసం ఒకటైనా క్లాసుకు బాగా తెలిసి ఉండాలి. ఈ పని నెలకు రెండుసార్లు, మూడు నాలుగు మాటలతో చాలు.

తెలుగులో సిగ్గు, ఒడియాలో లాజ. ఈ ఒక్క మాట కిందికి ఇంగ్లిష్‌లో షై, ఎంబరాస్డ్, అషేమ్డ్ మూడూ వచ్చి కూర్చుంటాయి. పిల్లలేమో "ఐ యామ్ అషేమ్డ్ టు స్పీక్ ఇంగ్లిష్" అంటారు. వాళ్ల ఉద్దేశం మొహమాటమే. వినేవాడికి ఏదో తప్పు చేసినవాడిలా వినిపిస్తుంది.

బోర్డు మీద మూడు ప్రశ్నలు అడ్డంగా, మూడు మాటలు నిలువుగా రాయండి:

- అది స్వభావమా, ఆ క్షణంలో కలిగిందా? షై ఎక్కువగా స్వభావం. ఎంబరాస్డ్ ఆ క్షణానిది.
- తప్పు చేశానన్న భావన ఉందా? అషేమ్డ్‌లో ఉంటుంది. షైలో లేదు. ఎంబరాస్డ్‌లో ఉండనక్కర్లేదు.
- ఎదుట మనుషులు ఉండాలా? షై, ఎంబరాస్డ్ రెండింటికీ ఉండాలి. ఒంటరిగా గదిలో కూర్చుని కూడా అషేమ్డ్ కావచ్చు.

గడుల్లో ప్లస్ (అవును), మైనస్ (కాదు) గుర్తులు మీరు వేయకండి. సందర్భాలు ఇచ్చి పిల్లల చేత వేయించండి. కొత్తగా చేరిన అమ్మాయి అందరి ముందు పేరు చెప్పడానికి వెనకాడింది. కాలేజీ గేటు దగ్గర అందరూ చూస్తుండగా చెప్పు తెగింది. పరీక్షలో కాపీ కొట్టిన సంగతి నాన్నకు తెలిసింది. ఏది ఏ మాట? చెప్పు తెగడం దగ్గర వాదన జరుగుతుంది, జరగనివ్వండి.

చివర్లో నిర్మాణం కూడా కలపండి: షై అయితే "టు స్పీక్", ఎంబరాస్డ్ అయితే "బై" గానీ "అబౌట్" గానీ, అషేమ్డ్ అయితే "ఆఫ్".

ఇలాగే పట్టిక వేయదగ్గ ఇంకో గుంపు: క్రౌడ్, మాబ్, ఆడియన్స్. బరంపురం ఠాకురాణీ యాత్రలో కిక్కిరిసిన జనం క్రౌడ్. బస్సు అద్దాలు పగలగొట్టేది మాబ్. నాటకం చూస్తూ కూర్చున్నవాళ్లు ఆడియన్స్. తెలుగు "జనం" మూడింటినీ మోస్తుంది.

6. రెండు భాషల్లో అర్థం చెప్పేటప్పుడు ఉండే గోతులు

సరిహద్దు క్లాసులో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. తెలుగు, ఒడియా రెండింటిలోనూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలున్నాయి. చెవికి ఒకేలా ఉండి అర్థంలో వేరైపోయినవి చాలా ఉన్నాయి.

ఇంట్రెస్ట్ తీసుకోండి. ఒడియాలో ఆసక్తిని "ఆగ్రహ" అంటారు. టీచరు ఆ మాట చెప్పగానే తెలుగింటి పిల్లవాడికి కోపం తోస్తుంది. కామర్స్ క్లాసులో అదే ఇంట్రెస్ట్ వడ్డీ అవుతుంది, ఒడియాలో సుధ. ఒక ఇంగ్లిష్ మాటకు రెండు అర్థాలు, అందులో ఒకటి చెప్పే ఒడియా మాటకు తెలుగులో ఇంకో అర్థం. పిల్లవాడు నోరు మెదపకుండా రాసుకుంటాడు, టీచరుకు సంగతే తెలియదు.

ఈ మాటలు ఒక కాగితం మీద రాసి పత్రాల పెట్టెలో ఉంచుకోండి:

- శిక్ష: తెలుగులో దండన. ఒడియా "శిక్షా" అంటే చదువు. ఎడ్యుకేషన్ చెప్పేటప్పుడు జాగ్రత్త.
- వ్యవసాయం: తెలుగులో సేద్యం. ఒడియా "బ్యబసాయ" అంటే వ్యాపారం. బిజినెస్, అగ్రికల్చర్ తారుమారవుతాయి.
- ఉపన్యాసం: తెలుగులో ప్రసంగం. ఒడియాలో నవల. లెక్చర్, నావెల్.
- అవసరం: తెలుగులో కావలసి రావడం. ఒడియా "అబసర" అంటే తీరిక, పదవీ విరమణ. లీజర్, రిటైర్‌మెంట్.
- అనుమానం: తెలుగులో సందేహం. ఒడియాలో అంచనా, ఊహ. ఎస్టిమేట్ పత్రంలో "ఆకళన" రాసింది ఇందుకే.
- చరిత్ర: తెలుగులో గతకాలపు సంగతులు. ఒడియాలో నడవడి, కథలో పాత్ర. హిస్టరీ, క్యారెక్టర్.

నియమం ఒక్కటే: ఒక భాషలో అర్థం చెప్పి ఊరుకోకండి. రెండు భాషల్లోనూ చెప్పండి, లేదా సందర్భంతో చెప్పండి. తెలుగు టీచరుకు ఒడియా అంతంతమాత్రమైతే ముందురోజే తోటి ఒడియా టీచరుకు ఆరు మాటలు చూపించి అడగండి. ఐదు నిమిషాల పని.

7. ఇప్పటికే వచ్చనుకునే మాటలు

కొత్త మాట కన్నా తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటే కొరకరాని కొయ్య. వచ్చు అనుకుంటారు కాబట్టి వినరు.

"ఫీలయ్యాడు" అంటే మనకు నొచ్చుకున్నాడని. ఇంగ్లిష్‌లో "హి ఫెల్ట్" అని ఆపేస్తే వాక్యమే పూర్తి కాదు, ఎలా ఫీలయ్యాడో చెప్పాలి. "మంచి పర్సనాలిటీ" అంటే మనకు ఒడ్డూ పొడుగూ, వాళ్లకు స్వభావం. "సెంటిమెంట్" మనకు శకునం లాంటి నమ్మకం కూడా. "ఫంక్షన్" మనకు పెళ్లీ ఓణీల వేడుకా. లెక్కల్లో అది ప్రమేయం, జీవశాస్త్రంలో ఒక అవయవం చేసే పని.

వీటికి పత్రం వేసేటప్పుడు "తెలుగులో వాడే తీరు" అని అదనంగా ఒక వరస పెట్టండి. తెలుగు వాడుక తప్పని చెప్పకండి, తెలుగులో అది సరైనదే. రెండిటికీ హద్దు గీస్తే చాలు.

8. జంట మాటలు

ఒక మాట పక్కన ఏ మాట నిలుస్తుందో కూడా అర్థంలో భాగమే. తెలుగు పిల్లలు పరీక్ష "రాస్తారు", ఒడియా పిల్లలు పరీక్ష "ఇస్తారు". అందుకే ఒకే క్లాసులో ఒకరు "ఐ రోట్ ద ఎగ్జామ్", ఇంకొకరు "ఐ గేవ్ ద ఎగ్జామ్" అంటారు. మన దేశంలో రెండూ వినిపిస్తాయి. బయట ఎక్కడైనా చెల్లేది "టుక్ ద ఎగ్జామ్".

చిక్కటి టీని "థిక్ టీ" అంటారు, కావలసింది స్ట్రాంగ్. తప్పు చేయడాన్ని "డూ మిస్టేక్" అంటారు, కావలసింది మేక్. "ఫీవర్ కేమ్" అంటారు, కావలసింది "ఐ హావ్ ఎ ఫీవర్".

నామవాచకం నేర్పితే క్రియ ఒకటి, విశేషణం ఒకటి దానితోపాటే నేర్పండి. విడిగా నామవాచకం ఒక్కటే నోట్సులో రాయనివ్వకండి.

9. పునశ్చరణ, పరీక్ష

నేర్పిన మర్నాడు, నాలుగో రోజు, పదకొండో రోజు, నెలకు. ఈ నాలుగుసార్లూ పిల్లవాడు గుర్తు తెచ్చుకుని చెప్పాలి. నోట్సు చదివించడం పునశ్చరణ కాదు. పత్రాల్ని నాలుగు రబ్బరు బ్యాండ్లతో నాలుగు కట్టలుగా పెట్టుకుంటే ఏ రోజు ఏవి తీయాలో తేలిక. సగం క్లాసుకు రాని మాట మళ్లీ మొదటి కట్టలోకి వెళ్తుంది.

నెల పరీక్షలో "అర్థం రాయండి" అన్న ప్రశ్న వద్దు. 20 మార్కులకు ఇలా పెట్టండి:

- ఇచ్చిన సందర్భానికి రెండు దగ్గరి మాటల్లో ఏది సరిపోతుంది: 6
- జంట మాట పూరించడం: 5
- తప్పుగా వాడిన మాట గుర్తించి కారణం చెప్పడం, కారణం తెలుగులోనో ఒడియాలోనో రాయవచ్చు: 5
- సొంత వాక్యాలు రెండు: 4

కారణం ఇంటిభాషలో రాయనివ్వడం దయ చూపడం కాదు. అర్థం వచ్చిందా లేదా అన్నది మనం చూడాలి. అది ఇంగ్లిష్‌లోనే చెప్పమంటే వ్యాకరణ పరీక్ష అయిపోతుంది.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటి సవరణ

వాక్యాలన్నీ మీ ఉదాహరణలాగే ఉన్నాయి. కారణం: ఒక్క ఉదాహరణే ఇచ్చారు. కర్త, చోటు, కాలం మారేలా కనీసం మూడు ఇవ్వండి. ఒకటి ఎద్దుల సంగతైతే ఒకటి గుణుపురం రైలు, ఇంకొకటి బ్యాంకు.

ముందు బెంచీలే జవాబు చెబుతున్నాయి. హద్దు ప్రశ్నలకు నోటితో జవాబు వద్దు. అవును అయితే కుడిచేయి, కాదు అయితే ఎడమచేయి, అందరూ ఒకేసారి. అరవైమంది క్లాసులో ఎవరికి రాలేదో కళ్లకు కనిపిస్తుంది.

మాట గుర్తుంది, భాషాభాగం తప్పింది: "హి సక్సెస్ ఇన్ ద ఎగ్జామ్". పద కుటుంబం వరస వదిలేశారు. సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్ మూడింటికీ ఖాళీలున్న ఒకే వాక్యం మూడు రకాలుగా ఇచ్చి పూరించమనండి.

ఒక మాటకు డిక్షనరీలో ఉన్న ఐదు అర్థాలూ ఒకేసారి చెప్పేశారు. పాఠంలో ఉన్న అర్థం ఒక్కటే చెప్పండి. రెండోది వాళ్ల సబ్జెక్టు పుస్తకంలో ఎదురైన రోజు చెప్పండి. సొల్యూషన్ లెక్కల్లో జవాబు, కెమిస్ట్రీలో ద్రావణం. ఆ రెండో పుస్తకం తెరిచి, ఆ పేజీ చూపించి చెబితే మళ్లీ చెప్పే పని ఉండదు.

ఫోనులో అనువాదం చూసి రాసుకొచ్చారు. ఫోను లాక్కోవడంవల్ల ఒరిగేదేమీ లేదు. ఫోను ఇచ్చిన మాట సరిపోని సందర్భం ఒకటి రాసుకురమ్మనండి. దానికి మాత్రం వాళ్లే ఆలోచించాలి.